బాకీ వసూలుకొచ్చే దెయ్యాలు: పాత హారర్ కామిక్స్ గుట్టు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా రాత్రిపూట చెరువు గట్టు మీద ఏదో చూశానని చెప్తే వినేవాళ్లు అది ఎలా ఉందని అడగరు, "ఎవలు? అక్కడ ఎవలు చచ్చిపోయారు?" అని అడుగుతారు. మనవైపు దెయ్యం ఊరికే గాల్లో తిరిగే ఆకారం కాదు. దానికి పేరుంటుంది, ఇంటిపేరుంటుంది, వెనక ఏదో తగువుంటుంది, గట్టు తగువో అత్తింటి ఆరళ్లో ఎగ్గొట్టిన అప్పో. ఆ తగువు చెప్పకుండా వట్టి దెయ్యాన్ని చెప్తే చిన్నపిల్లలు కూడా "అయితే ఏటి?" అనేస్తారు. 1950ల్లో అమెరికాలో పది సెంట్లకి అమ్మిన హారర్ కామిక్స్ ఇప్పుడు తీసి చదివితే అచ్చం ఇదే లెక్క కనపడుతుంది, అందులోనూ శవం లేచి వచ్చిందంటే ఎవడో దానికి బాకీ ఉన్నాడనే. భయం కోసం ఆ పుస్తకాలు కొన్నారని అందరూ అంటారు గానీ, జనాన్ని చివరి పేజీ దాకా లాక్కెళ్లింది మాత్రం ఆ బాకీ ఎలా తీరుతుందో చూడాలన్న ఆత్రమే.

కథ 1947 నుంచి మొదలెడితే బాగుంటుంది, ఆ ఏడాదికి చాలా ముడులున్నాయి. జనవరిలో అవాన్ అనే కంపెనీ ఈరీ కామిక్స్ అని ఒక్క సంచిక వేసింది, మొత్తం పుస్తకం హారర్ కథలతోనే నింపిన తొలి కామిక్స్‌లో దీన్నే ముందు చెప్తారు, కానీ అది అప్పట్లో రెండో సంచిక దాకా కూడా రాలేదు. జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి చందమామ మొదలెట్టారు. ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సరస్సు మీద పడవ ప్రమాదంలో మ్యాక్స్ గెయిన్స్ అనే పబ్లిషర్ చనిపోయాడు. ఆయన కంపెనీ పేరు ఎడ్యుకేషనల్ కామిక్స్, పొట్టిగా ఈసీ, బైబిల్ కథలు బొమ్మల్లో వేసేది. కొడుకు విలియం గెయిన్స్ అప్పటికి కెమిస్ట్రీ టీచర్ అవుదామని చదువుకుంటున్నాడు, కామిక్స్ అంటే పెద్దగా ఇష్టం కూడా లేదు, తండ్రి పోయాక ఆ కంపెనీ నెత్తిన పడింది. ఎడ్యుకేషనల్ తీసేసి ఎంటర్‌టైనింగ్ అని పెట్టాడు, పొట్టి పేరు ఈసీ అలాగే ఉండిపోయింది. బైబిల్ కథల కంపెనీ ఇంకో మూడేళ్లలో సమాధుల కంపెనీ అయిపోయింది.

ఈలోగా 1948లో అమెరికన్ కామిక్స్ గ్రూప్ వాళ్లు అడ్వెంచర్స్ ఇంటు ది అన్‌నోన్ అని వరసగా వచ్చే హారర్ పత్రిక మొదలెట్టారు, అదీ బాగానే పోయింది. కానీ ఈ రకానికి ఒక పద్ధతి తెచ్చింది మాత్రం ఈసీయే. గెయిన్స్, ఎడిటర్ ఆల్ ఫెల్డ్‌స్టీన్ ఇద్దరూ చిన్నప్పుడు రేడియోలో భయం నాటకాలు విని పెరిగినవాళ్లు, 1931లో మొదలైన ది విచెస్ టేల్‌లో నాన్సీ అనే ముసలి మంత్రగత్తె కథ చెప్పేది, అదే ఒడుపు కామిక్స్‌లో పెడితే ఎలా ఉంటుందని చూశారు. ముందు తమ క్రైమ్ పత్రికల వెనక పేజీల్లో ఒకటి రెండు కథలు వదిలారు, జనం పట్టుకున్నారు, 1950లో మూడు పత్రికలు దిగిపోయాయి: టేల్స్ ఫ్రం ది క్రిప్ట్, ది వాల్ట్ ఆఫ్ హారర్, ది హాంట్ ఆఫ్ ఫియర్. వీటిలో ఏదీ ఒకటో నంబరు నుంచి పద్ధతిగా మొదలవలేదు, అప్పటికే నడుస్తున్న పాత పత్రికల నంబర్లకే కొత్త పేర్లు తగిలించారు, ఎందుకంటే కొత్త పత్రిక అంటే పోస్టాఫీసుకి మళ్లీ డబ్బు కట్టాలి. ఇప్పుడు వేలం పాటల్లో లక్షలు పలికే సంచికల నంబర్లు అలా తిక్కతిక్కగా ఉండటానికి కారణం ఆ పిసినారితనమే.

ఇక కథ అల్లిక. ఒక్కో కథ ఆరు నుంచి ఎనిమిది పేజీలు. మొదటి సగంలో మనుషులు మనుషులకి చేసే ద్రోహం తప్ప దెయ్యం ఊసే ఉండదు. భాగస్వామిని ముంచిన వ్యాపారి, ఆస్తి కోసం మొగుణ్ణి చంపిన పెళ్లాం, పెళ్లాన్ని చంపిన మొగుడు, సర్కస్ యజమాని, డాక్టరు, ఊరి పెద్ద. వాడు చేసింది ఎవరికీ తెలీదు, పోలీసులు రారు, వస్తే నమ్మి వెళ్లిపోతారు. అప్పుడు నేల కదులుతుంది.

దీనికి మంచి ఉదాహరణ 1952లో ది హాంట్ ఆఫ్ ఫియర్ 12వ సంచికలో వచ్చిన పొయెటిక్ జస్టిస్. ఒక ముసలాయన చెత్త ఎత్తే పని చేస్తాడు, పెళ్లాం పోయింది, కుక్కల్ని పెంచుకుంటాడు, వీధి పిల్లలకి బొమ్మలు బాగుచేసి ఇస్తాడు. ఎదురింట్లో డబ్బున్న తండ్రీ కొడుకులకి ఆయన ఇల్లు కంట్లో నలుసు. కుక్కల్ని తీయించేస్తారు, ఉద్యోగం ఊడగొట్టిస్తారు, పిల్లల్ని రానీకుండా చేస్తారు, ఇంకా కదలకపోతే వాలెంటైన్స్ డే నాడు ఊరందరి పేరు మీద వెక్కిరింపు పాటలు రాసిన కార్డులు కట్టలుగా పంపిస్తారు. ఆయన ఉరేసుకుంటాడు. సరిగ్గా ఏడాదికి సమాధిలోంచి లేచొస్తాడు, ఆ కొడుకు గుండె తీసి, దానికొక పాట రాసి పెట్టి పోతాడు. గుండె తీయడం బీభత్సమే, కాదనలేం. కానీ చదివేవాడికి ఆ చివరి బొమ్మ కంటే ముందు వచ్చే కార్డుల పేజీయే ఎక్కువ కష్టంగా ఉంటుంది, ఒక్కో కార్డు విప్పుతూ ముసలాయన మొహం వాడిపోవడం చూస్తుంటే శవం ఎప్పుడు లేస్తుందా అని మనమే ఎదురుచూస్తాం. దీన్ని గ్రాహం ఇంగెల్స్ గీశాడు, ఘాస్ట్లీ అని సంతకం పెట్టేవాడు, ఆయన గీతలో మనుషులే కాదు, చెట్లూ గోడలూ గుడ్డలూ అన్నీ తడిసి కారుతున్నట్టు ఉంటాయి.

బొమ్మల సంగతి వచ్చింది కాబట్టి ఈ పుస్తకాలు తయారయ్యే తీరు చెప్పుకోవాలి, ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఫెల్డ్‌స్టీన్ కథని బొమ్మ వేసే అట్ట మీదే రాసేసేవాడు. గెయిన్స్ రాత్రంతా ఏవేవో చదివి పొద్దున్నే నాలుగు ఐడియాలు పట్టుకొచ్చేవాడు, మధ్యాహ్నానికి అందులో ఒకటి కథ అయిపోయేది, వారానికి నాలుగు కథలు. ఆ మాటల్ని లెరాయ్ అనే అచ్చు పలకతో మిషన్ అక్షరాల్లా ఎక్కించేవాళ్లు, ఆ తర్వాతే అట్ట ఆర్టిస్టు చేతికి వెళ్లేది. అంటే ఆర్టిస్టుకి గడిలో సగం ముందే మాటలతో నిండిపోయి ఉండేది, మిగిలిన చోటులో వాడు ఏం చేస్తాడన్నదే పరీక్ష. అందుకే జాక్ డేవిస్ మనుషులు ఇరుక్కుని చెమటలు కక్కుతూ ఉంటారు, జానీ క్రెయిగ్ గీత ఇస్త్రీ చేసినట్టు శుభ్రంగా ఉండి అందులో హఠాత్తుగా గొడ్డలి కనపడితే మరింత జడిపిస్తుంది. ఆ కథకుడి మాటలేమో చాలాచోట్ల "నువ్వు" అని నడుస్తాయి, నువ్వు మెట్లు దిగుతున్నావు, నీ చెయ్యి గోడకి తగిలింది, తడిగా ఉంది అని, హంతకుణ్ణి చూస్తున్నామనుకున్న పాఠకుణ్ణే హంతకుడి చొక్కాలో దూర్చేస్తాయి. సినిమాలో దర్శకుడు ఎప్పుడు చూపిస్తే అప్పుడు చూడాలి, పుస్తకంలో పేజీ తిప్పే చెయ్యి మనది, తిప్పకుండా ఆగొచ్చు, మళ్లీ వెనక్కి వెళ్లి ముందు గడిలో తలుపు మూసే ఉందా అని చూసుకోవచ్చు. బొమ్మల పుస్తకంలో భయం సినిమా భయం కంటే ఎక్కువ రోజులు ఉండిపోవడానికి అదే కారణమని చెప్పొచ్చు, మనంతట మనమే పేజీ తిప్పి తెచ్చుకున్నది మరి.

రంగులు కూడా అంతే. నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద నాలుగు రంగుల అచ్చు, పక్కపక్కన చుక్కలు పడి ఏర్పడే ఆకుపచ్చలు, ఊదాలు. రంగులు వేసింది మేరీ సెవెరిన్, బీభత్సం మరీ ఎక్కువైందనిపిస్తే మొత్తం గడిని ముదురు నీలంలో ముంచేసేదని చెప్పుకుంటారు. ఆమె దాచడానికి వేసిందో మరి దేనికి వేసిందో గానీ ఆ నీలం గడులే ఎర్ర గడుల కంటే భయంగా ఉంటాయి. ఇప్పటి రీప్రింట్లలో నున్నటి కాగితం మీద కంప్యూటర్ రంగులు నింపి అమ్ముతున్నారు, ఆ మెరుపులో సమాధి కూడా కొత్తగా కట్టిన పెళ్లి మండపంలా ఉంటుంది. దానికంటే నలుపు తెలుపు రీప్రింట్లు నయం, కనీసం గీత కనపడుతుంది.

బాకీల సంగతి చెప్పుకుంటున్నాం కాబట్టి ఈసీ వాళ్లు ఎగ్గొట్టిన బాకీ ఒకటి. రే బ్రాడ్‌బరీ రాసిన రెండు కథల్ని కలిపి కుట్టేసి 1952లో తమ సైన్స్ ఫిక్షన్ పత్రికలో అడక్కుండా వేసేశారు. ఆయన కోర్టుకి పోలేదు, కథ బాగా వేశారు, కానీ యాభై డాలర్ల చెక్కు పంపడం మర్చిపోయినట్టున్నారు అని మర్యాదగా ఉత్తరం రాశాడు. గెయిన్స్ మారుమాట లేకుండా పంపించేశాడు, ఆ తర్వాత ఆయన కథలు పేరు వేసి మరీ వరసగా వేసుకున్నారు. సొంత పత్రికల్లో చూపించే న్యాయాన్ని ఆ ఒక్కసారికి సమాధి తవ్వకుండానే పాటించారు.

ఇక కథ చెప్పేవాళ్లు. మూడు పత్రికలకి ముగ్గురు: క్రిప్ట్ కీపర్, వాల్ట్ కీపర్, ఓల్డ్ విచ్. ముగ్గురూ జుట్టు విరబోసుకుని, పళ్లూడిపోయి, కథకి ముందూ వెనకా వచ్చి పగలబడి నవ్వి పరమ చెత్త జోకులేసి పోతారు. మొదటిసారి చదివితే ఈ జోకులు కథని పాడుచేస్తున్నాయనిపిస్తుంది, కానీ అవి లేకపోతే కథ మోయలేం. ఆ కొడుకు గుండె తీసిన బొమ్మ చూశాక ఎవరో ఒకరు నవ్వి ఇది కథేరా అని భుజం తట్టాలి. తెలుగు పాఠకులకి ఇది కొత్తేం కాదు, మనకి బేతాళుడున్నాడు.

క్రిప్ట్ కీపర్‌కీ బేతాళుడికీ ఉన్న పోలిక తమాషాగా ఉంటుంది. చోటు ఇద్దరికీ శవాల మధ్యనే, ఇద్దరూ వాగుడుకాయలే, వినేవాణ్ణి ఎత్తిపొడవకుండా మొదలెట్టరు. తేడా ఎక్కడంటే క్రిప్ట్ కీపర్ తీర్పు అయిపోయాక వచ్చి నవ్వుతాడు, బేతాళుడు తీర్పు చెప్పమంటాడు. తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెప్తే మౌనం పోయి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు చూసినా రాజుకి నష్టమే, అయినా ప్రతిసారీ చెప్తాడు. అక్కడ శవం వసూలు చేసుకుంటే ఇక్కడ శవం ప్రశ్నలు వేస్తుంది. మూలంలో ఉన్నవి పాతిక కథలే, పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చుకున్నవి, చందమామ వాళ్లు ఆ చట్రాన్ని పట్టుకుని దశాబ్దాల పాటు వందల కథలు నడిపేశారు, ఏ కథ దొరికినా దానికి ముందు శ్మశానం, వెనక ప్రశ్న తగిలించి. భుజం మీద శవం, చేతిలో కత్తి, వెనక పుర్రెలు, ఆ బొమ్మ వేసిన శంకర్ గారు యాభైల్లో చందమామలో చేరి 2020లో పోయేదాకా ఆ ఒక్క బొమ్మతోనే దేశమంతా గుర్తుండిపోయారు.

బేతాళ కథలు కామిక్స్ ఎలా అవుతాయి, గడులు లేవు, మాటల బుడగలు లేవు అని అడగొచ్చు. నిజమే, అవి బొమ్మలున్న కథలు. కానీ ఆంధ్రాలో రెండు మూడు తరాలకి బొమ్మల్లో భయం అంటే ఏమిటో నేర్పింది ఆ పేజీలే. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ల వాటా పెద్దది, తోకచుక్క 1954లో మొదలైంది, తర్వాత మకరదేవత, రాకాసి లోయ, శిథిలాలయం, పేర్లు వింటేనే సగం పని అయిపోతుంది. రచయిత పేరు వేసే అలవాటు చందమామకి లేదు కాబట్టి చదివినవాళ్లలో చాలామందికి ఆయన పేరు ముసలితనంలోగానీ తెలీలేదు. వాటికి చిత్రా గారి బొమ్మలు, మంత్రగాళ్ల ముక్కులు, గండభేరుండాలు, ఒంటికన్ను రాక్షసులు. చిత్రా రాక్షసుడు జడిపిస్తాడు గానీ అసహ్యం పుట్టించడు, అది అమెరికా వాళ్లకి రాని విద్య.

శ్రీకాకుళం వాళ్లకి ఇందులో సొంత వాటా ఒకటుంది, వడ్డాది పాపయ్య. 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు, వపా అనే సంతకంతో చందమామ, యువ ముఖచిత్రాలు వందల్లో వేశారు. వపా అనగానే అందరికీ రాగిణులు, పూలు, నీలి పసుపు వెలుగులు గుర్తొస్తాయి. అదే వెలుగుని ఆయన రాక్షసుల మీద, అడవి మీద వేసినప్పుడు జరిగేది వేరు. ఇంగెల్స్ చీకటిని కుళ్లబెట్టి భయపెడితే వపా వెన్నెలనే కాస్త తేడాగా వేస్తారు, ఆ ఆకాశం రంగు మనకి తెలిసిన ఏ వేళదీ కాదు, సంధ్యా కాదు తెల్లవారుజామూ కాదు, అందులో ఒక ఆకారం నిలబడి ఉంటుంది. అందంగా ఉండి కలతపెట్టే భయం అది, ఆ రోజుల్లో న్యూయార్క్ అచ్చు మిషన్లకి దొరకని సరుకు.

సరిగ్గా తోకచుక్క మొదలైన 1954లోనే అమెరికాలో ఈ కథల పీక నొక్కేశారు. ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు, సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్ అని పుస్తకం రాసి పిల్లలు నేరస్తులవడానికి కామిక్సే కారణమన్నాడు. ఆయన్ని విలన్ చేసి వదిలేయడం కామిక్స్ అభిమానులకి అలవాటు, అది కొంచెం అన్యాయం. 1946లోనే హార్లెంలో నల్లజాతి పేదల కోసం అతి తక్కువ ఫీజుకి క్లినిక్ పెట్టినవాడాయన, స్కూళ్లలో వర్ణ విభజన మీద జరిగిన కేసులకి కూడా ఆయన పరిశీలన పనికొచ్చింది. మనిషి మంచివాడే గానీ ఈ పుస్తకంలో మాత్రం చెయ్యి వంకర పోయింది, 2012లో కారల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆయన కాగితాలు తెరిచి చూస్తే పిల్లల మాటల్ని మార్చడం, కలిపేయడం, వేరే కారణాలు కనిపిస్తున్నా వదిలేయడం బయటపడ్డాయి.

ఆ ఏడాది ఏప్రిల్ 21న, పిల్లల నేరాల మీద విచారణ జరుపుతున్న సెనేట్ ఉపసంఘం ముందు గెయిన్స్ తనంతట తానే వెళ్లి కూర్చున్నాడు. సెనేటర్ కెఫావర్ ఒక ముఖచిత్రం ఎత్తి చూపించాడు, ఒకడి చేతిలో రక్తం గొడ్డలి, ఇంకో చేతిలో ఆడమనిషి తల, ఇది మంచి అభిరుచేనా అన్నాడు. హారర్ కామిక్ కవర్‌కి మంచి అభిరుచే, తల ఇంకాస్త పైకెత్తి మెడలోంచి రక్తం కారడం చూపిస్తే అప్పుడు బాగోదు అన్నాడు గెయిన్స్. జవాబు వృత్తిపరంగా నిజమే, ఆ పని తెలిసినవాడు ఎవడైనా ఎక్కడ ఆపాలో అలాగే ఆలోచిస్తాడు. కానీ టీవీ ముందు, తల్లిదండ్రుల ముందు అనాల్సిన మాట కాదు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో హారర్ పత్రికలు ఆపేస్తున్నానని ఆయనే ప్రకటించాడు, అక్టోబర్‌కి చాలామంది పబ్లిషర్లు కలిసి తమకి తామే కామిక్స్ కోడ్ అనే నిబంధనల పట్టీ తెచ్చుకున్నారు.

ఆ కోడ్ చదివితే అసలు గొడవ ఎక్కడో అర్థమవుతుంది. పేర్లలో హారర్, టెర్రర్ అనే మాటలు వాడకూడదు, నడిచే శవాలు, రక్తం తాగే పిశాచాలు, తోడేలు మనుషులు ఉండకూడదు. ఇంతవరకూ సరే. ప్రతి కథలో మంచి గెలవాలి, నేరస్తుడికి శిక్ష పడాలి అని కూడా ఉంది. ఈసీ కథల్లో పడనిదేది, పేజీకి రెండు శిక్షలు పడేవి! చూడాల్సింది ఆ పక్క నిబంధన, పోలీసుల మీద, జడ్జీల మీద, ప్రభుత్వ అధికారుల మీద గౌరవం తగ్గేలా చూపించకూడదని. శిక్ష పడటం సమస్య కాదు, ఎవరు వేస్తున్నారన్నదే సమస్య. చెత్త ఎత్తే ముసలాయనకి కోర్టులో దొరకని న్యాయం సమాధిలోంచి దొరికిందంటే కోర్టు ఎందుకు ఉన్నట్టు అనే ప్రశ్న పది సెంట్లకి పిల్లల చేతికి వెళ్తోంది. వెర్థమ్‌కి నెత్తురు కనపడింది, ఉపసంఘానికి గొడ్డలి కనపడింది, ఈ ప్రశ్న ఎంతమందికి కనపడిందో గానీ కోడ్ దెబ్బ మాత్రం దానికీ గట్టిగానే తగిలింది.

ఆ సెగ ఇక్కడికీ వచ్చింది. బ్రిటన్‌లో 1955లో చట్టం వస్తే మన పార్లమెంటు 1956లో యంగ్ పర్సన్స్ హార్మ్‌ఫుల్ పబ్లికేషన్స్ యాక్ట్ చేసింది. బొమ్మలతో చెప్పే కథల్లో నేరాలు, హింస, క్రూరత్వం, జుగుప్స పుట్టించే భయంకర సంఘటనలు చూపించి ఇరవై ఏళ్ల లోపు వాళ్లని చెడగొట్టేలా ఉంటే ఆర్నెల్ల దాకా జైలు. అక్షరం అక్షరం పట్టుకుంటే నెలనెలా శవాన్ని భుజానేసుకునే విక్రమార్కుడూ దీని కింద చిక్కేవాడే, కానీ చందమామ జోలికి ఎవరూ పోలేదు, మన శవం సంప్రదాయంలోంచి వచ్చింది కదా, దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

పుస్తకంలో దెయ్యం పిల్లల్ని చెడగొడుతుందా అనే ప్రశ్నకి ఉత్తరాంధ్ర నుంచి చూస్తే జవాబు వేరేలా కనపడుతుంది. ఇక్కడ చేతబడిని చిల్లంగి అంటారు, ఆ మాటకి ఉన్న బరువు ఏ కామిక్‌కీ లేదు. ఊళ్లో వరసగా ఇద్దరికి జ్వరం వచ్చినా, పశువు పడిపోయినా చిల్లంగి పెట్టారంటారు, ఆ అనుమానం ఎవరి మీదో ఒకరి మీద వాలుతుంది, చిల్లంగి నెపంతో కొట్టారు, చంపారు అనే వార్తలు ఏజెన్సీ వైపు నుంచి ఇప్పటికీ వస్తుంటాయి. ఆ అనుమానం పడేది చాలాసార్లు ఒంటరి ముసలాళ్ల మీద, వెనకాల ఎవరూ లేనివాళ్ల మీద, కొన్నిసార్లు అసలు కారణం పొలమో పాత కక్షో. ఈసీ కథలో దిక్కులేనివాడు చచ్చి దెయ్యమై ఊరి పెద్దని పట్టుకుంటాడు, చిల్లంగి కథలో ఊరంతా కలిసి బతికున్న దిక్కులేనివాణ్ణే దెయ్యం చేస్తుంది. రెండూ భయం కథలే గానీ కాగితం మీదది న్యాయం వైపు ఉంది, రెండోది నేరం. ఈ రెండోదాన్ని ఏ పుస్తకమూ నేర్పలేదు, అక్షరం రాని రోజుల నుంచీ ఉంది. విజయనగరంలో కూర్చుని గురజాడ దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు, కన్యాశుల్కంలో పూజారి గవరయ్య దెయ్యాన్ని సీసాలో పెట్టి బిరడా బిగిస్తాడు, నవ్వొస్తుంది, కానీ ఆ సీసాకి డబ్బులిచ్చే భయం మీద ఎంతమంది బతికారో చూస్తే అంత నవ్వు రాదు.

అయితే అన్యాయంగా పోయినవాళ్ల బాకీ తీర్చే మన పద్ధతి ఒకటి వేరే ఉంది, అది అమెరికా వాళ్ల ఊహకి కూడా అందదు. ఇక్కడ ఊళ్లలో అర్ధాంతరంగా పోయిన ఆడవాళ్లకి పేరంటాలని గుడి కడతారు, ఏడాదికోసారి పసుపు కుంకుమలు, చీర. విజయనగరం పైడితల్లి అమ్మవారి కథే చూడండి, 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, పూసపాటి విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు, ఆ రాజు చెల్లెలు పైడిమాంబ పెద్ద చెరువులో కలిసిపోయి అమ్మవారైందని జనం చెప్పుకుంటారు. చెరువులోంచి విగ్రహం తీశారు, కలలో కనపడి చెప్పిందన్నారు. ఇదే కథ ఈసీ వాళ్లకి దొరికితే ఆమె చెరువులోంచి జుట్టు కారుతూ లేచొచ్చి ఒక్కొక్కణ్ణీ నీళ్లలోకి లాగేది, ఇంగెల్స్‌కి పండగే. మనవాళ్లు ఆ నీళ్లలోంచి లేచినావిడకి ఊరినే అప్పగించారు. దసరా తర్వాత మంగళవారం సిరిమాను ఊరేగుతుంది, ఆ మాను ఎక్కడుందో కూడా అమ్మే పూజారి కలలో చెప్తుందంటారు, అది చింతమాను. దెయ్యాలకి మనం ఇచ్చిన అడ్రసు కూడా చింతచెట్టే, ఈ రెంటికీ మధ్య దూరం అంత ఎక్కువేం కాదు.

కోడ్ తర్వాతి కథ తొందరగా చెప్పేయొచ్చు. ఈసీకి మ్యాడ్ అనే హాస్య పత్రిక ఒక్కటే మిగిలింది, 1955లో దాన్ని కామిక్ సైజు నుంచి మ్యాగజైన్ సైజుకి మార్చడంతో కోడ్ పరిధి దాటేసింది. అదే సందులోంచి 1964లో వారెన్ కంపెనీ క్రీపీని నలుపు తెలుపులో పెద్ద సైజులో తెచ్చింది, ఈసీ పాత ఆర్టిస్టులు చాలామంది అందులో తేలారు, అంకుల్ క్రీపీ అని మళ్లీ ఒక వాగుడుకాయ. 1971లో కోడ్ సడలించి, డ్రాక్యులా లాంటి పాత సాహిత్యంలో ఉన్న తరహాలో అయితే పిశాచాలు ఉండొచ్చన్నారు, మరుసటి ఏడే మార్వెల్ టూంబ్ ఆఫ్ డ్రాక్యులా మొదలెట్టింది. 2011కి చివరి రెండు కంపెనీలు కూడా వదిలేయడంతో కోడ్ తనంతట తానే చచ్చిపోయింది, ఇంతవరకూ లేచి రాలేదు.

కొత్తగా చదవాలనుకునేవాళ్లు ఈసీ మూడు పత్రికలూ కట్టకట్టి ఒకేసారి చదవకపోవడం మంచిది, వరసగా పది కథలు చదివితే పదకొండోదాంట్లో ఎవడు చస్తాడో రెండో పేజీలోనే తెలిసిపోతుంది, అవి రెండు నెలలకోసారి వచ్చిన పుస్తకాలు, అలా విడివిడిగా చదవడానికే రాసినవి. బేతాళ కథలకీ ఇదే జబ్బు. రాజు నోరు విప్పుతాడని తెలుసు, శవం ఎగిరిపోతుందని తెలుసు, శీర్షిక నడవాలి కాబట్టి నడుస్తుంది. సోమదేవుడి మూలంలో మాత్రం దానికో ముగింపుంది. చివరి ప్రశ్నకి రాజుకి జవాబు తట్టదు, నోరు మూసుకుని నడుస్తాడు. అప్పుడు బేతాళుడు మెచ్చి గుట్టు విప్పుతాడు, నిన్ను శవం కోసం పంపిన భిక్షువు నిన్నే బలివ్వబోతున్నాడు, సాష్టాంగపడమంటాడు, ఎలా పడాలో తెలీదు నువ్వే చూపించమను అని. రాజు అలాగే అడుగుతాడు, భిక్షువు వంగుతాడు, తల ఎగిరిపోతుంది. కథ పొడుగునా మనం భయపడిన శవం కాపాడింది, దణ్ణం పెట్టిన సన్యాసి హంతకుడు. 1952లో దీన్ని ఫెల్డ్‌స్టీన్ బల్ల మీద పెట్టుంటే మధ్యాహ్నం భోజనం లోపు ఏడు పేజీల్లో తేల్చేసి, ఎగిరే తలని చివరి గడిలో పెట్టి, పక్కన క్రిప్ట్ కీపర్ చేత తలకాయల మీద ఒక చచ్చు జోకు వేయించేవాడు.